బండికి బోరు చేయించే ముందు ఇంజన్ ఆయిల్ ఎటు పోతుందో చూడండి

ఎడిటర్ గారికి,

మీ పేపర్లో మొన్న ఎండాకాలం బండి జాగ్రత్తలు అని వేసిన దాంట్లో టైర్ల గాలి గురించి, బండి నీడలో పెట్టడం గురించి, ట్యాంకు ఫుల్ చేయొద్దని (ఏటా వచ్చే ఈ పుకారు మీరూ నమ్మారా?) అన్నీ రాశారు గానీ ఇంజన్ ఆయిల్‌కి వచ్చేసరికి "టైముకి మార్పించండి" అని ఒక్క ముక్కతో వదిలేశారు. కొత్త బండికైతే అది చాలు. మా పల్నాడులో పొలాలకీ పాలకేంద్రాలకీ తిరిగే బండ్లు చాలావరకు పదిహేనేళ్ళు దాటి మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించుకున్నవే, వాటికి కష్టం ఆయిల్ మార్చడంలో లేదు, పోసిన ఆయిల్ నిలబడకపోవడంలో ఉంది.

నేను ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరయ్యాను. ఏ బస్సుకి ఎంత ఆయిల్ టాప్ అప్ పోశామో అక్కడ పుస్తకంలో రాసేవాళ్ళం, ఆ అంకె పెరిగిందంటే డ్రైవర్ నోరు తెరవకముందే ఆ బండి లోపల ఏదో మొదలైందని అర్థమయ్యేది. టూవీలర్ షాపుల్లో ఈ పని ఎవరూ చేయరు. కింద బోల్టు విప్పుతారు, నల్లటి ఆయిల్ ట్రేలోకి వదిలేస్తారు, కొత్త డబ్బా పోస్తారు, అయిపోయింది. ఆ ట్రేలోకి ఎంత దిగిందో ఎవరైనా చూశారా అసలు? పోసిందంతా దిగదు, లోపల కొంచెం అంటుకుని ఉంటుంది, సరే, కానీ పోసిన దాంట్లో సగమే దిగితే మిగతా సగం ఎటుపోయినట్టు?

స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండిలో ఉండే ఆయిల్ అంతా కలిపి లీటరు లోపే. పిస్టనుకీ, పైన వాల్వులు తెరిచే క్యామ్‌కీ, గేర్లకీ, క్లచ్ ప్లేట్లకీ అన్నిటికీ అదొక్కటే. రేడియేటర్ ఉండదు కాబట్టి గాలి తర్వాత ఇంజన్‌ని చల్లబరిచేది కూడా ఆ ఆయిలే. మూకుడులో నూనె అడుగున కాస్తే ఉంటే ఎంత తొందరగా పొగలు వస్తాయో ఇక్కడా అంతే, తగ్గిన ఆయిల్ ఇంకా కాగుతుంది, కాగి పలచబడుతుంది, పలచబడింది పిస్టను చుట్టూ ఉండే రింగుల సందులోంచి ఇంకా పైకి పోయి కాలిపోతుంది. అందుకే హీటెక్కడం ఒక జబ్బు, ఆయిల్ తగ్గడం ఇంకో జబ్బు అని విడివిడిగా బిల్లు వేయడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంజన్ ఇప్పకముందు తేల్చాల్సింది ఒక్కటే, ఆయిల్ బయటికి కారుతోందా లోపల కాలుతోందా అని. మా వీధిలో ఒక కుర్రాడి బండికి షాపులో బోరు (పిస్టను ఆడే గొట్టం అరిగితే కోయించి సాపు చేయించడం), పిస్టను, రింగులు అని వేలల్లో లెక్క చెప్పారు, బాబాయ్ ఒకసారి చూడవా అని తెచ్చాడు, సైలెన్సర్లో పొగ లేదు, ప్లగ్గు ఇటుకరంగులో చక్కగా ఉంది, మరి కాలిందెక్కడ? ఇంజన్ పక్కన చైను తిప్పే ముందు పళ్ళచక్రం, అదే స్ప్రాకెట్, దాని కవర్ ఇప్పితే లోపలంతా ఆయిలూ మట్టీ కలిసి ముద్ద కట్టి ఉంది. ఆ చక్రం తిరిగే షాఫ్టు ఆయిల్ సీలు పోయింది, చైను మరీ బిగించి తిప్పడం వల్ల. చిన్న రబ్బరు సీలు. చైను మీద ఎలాగూ ఆయిల్ ఉంటుంది కదా అని అక్కడ ఎవరికీ అనుమానం రాదు.

కారేది కనిపెట్టాలంటే ఇంజన్ని డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, పైన పౌడర్ చల్లి ఓ నాలుగైదు కిలోమీటర్లు తిప్పుకొస్తే తడి ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. గాలికి ఆయిల్ వెనక్కీ కిందకీ పోతుంది కాబట్టి బాగా తడిసిన చోటు కాదు, అన్నిటికంటే పైన, ముందు వైపు తడిసిన చోటు చూడాలి. ట్యాపెట్ (వాల్వుల సందు సరిచేసే చోటు) మూతల రబ్బరు రింగులు, హెడ్డు ప్యాకింగు, గేర్ రాడ్ సీలు, కిక్ రాడ్ సీలు, డ్రెయిన్ బోల్టు వాషరు, ఎక్కువగా ఇవే. సీలు మార్చిన కొన్నాళ్ళకే మళ్ళీ కారుతుంటే సీలుని తిట్టకండి, ఇంజన్ లోపలి గాలి బయటికి వదిలే బ్రీదర్ పైపు మూసుకుపోయి లోపలి ప్రెషర్ బయటికి నెడుతుందేమో చూడండి.

కాలుతోంటే పొగే చెబుతుంది, ఎప్పుడొస్తుందో గమనించాలి అంతే. పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలంగా ఓసారి వచ్చి ఆగిపోతే అది ఎక్కువగా వాల్వ్ సీళ్ళు. మా వైపు వాళ్ళకి ఇంకో టెస్టు ఉంది, కోటప్పకొండ ఘాట్ దిగేటప్పుడు గేర్లోనే ఉంచి యాక్సిలేటర్ పూర్తిగా వదిలేసి దిగండి, కిందకొచ్చాక రేజ్ ఇవ్వగానే వెనక గుప్పుమని పొగ వస్తే అదీ వాల్వ్ వైపు గోలే. లోడు మీద రేజ్ ఇచ్చినంతసేపూ పొగ వస్తూనే ఉంటే అప్పుడు రింగులు, బోరు అనుకోవచ్చు. అప్పుడు కూడా కంప్రెషన్ గేజ్ (పిస్టను పైన ఒత్తిడి చూపే మీటరు) పెట్టి కొలిచి, తక్కువొస్తే ప్లగ్గు కన్నంలోంచి ఒక స్పూను ఆయిల్ వేసి మళ్ళీ కొలవమనండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఐదు నిమిషాల పని, గేజ్ ఉన్న షాపు దొరకడమే కష్టం. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండి లెక్క వేరు, దానికి పెట్రోలుతో కలిసే 2టీ ఆయిల్ కాలడమే పని, కానీ గేర్ ఆయిల్ తగ్గుతూ పొగ దట్టంగా వస్తుంటే క్లచ్ వైపు క్రాంక్ (పిస్టను తిప్పే ఇరుసు) సీలు పోయినట్టు.

ఆయిల్ లెవెల్ సరిగ్గానే ఉండి హీటెక్కుతోంటే వేరే చోట వెతకాలి. ఇంజన్ రెక్కల మధ్య మట్టి, కార్బొరేటర్ జాయింట్లో గాలి పీల్చడం, టైటుగా పెట్టిన ట్యాపెట్లు, పట్టేసిన వెనక బ్రేకు. బురద కాళ్ళ మీద పడకుండా లెగ్ గార్డుకి ఫ్లెక్సీ ముక్క కట్టేవాళ్ళున్నారు, వానాకాలం పోయినా విప్పరు, ఇంజన్‌కి గాలెలా తగులుతుంది? ఇంకొకటి, పొగ తగ్గుతుందని కొందరు కార్లకి వాడే చిక్కటి ఆయిల్ పోస్తారు. పొగ నాలుగు రోజులు తగ్గుతుంది నిజమే, కానీ బైకులో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి ఉంటాయి, ఆ ఆయిల్‌కి అవి జారడం మొదలుపెడితే ఆ జారుడు వేడి కూడా ఇంజన్ మీదే. డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్లో మునిగే క్లచ్ ఉన్న బైకులకి సరిపడేదని గుర్తు) అని ఉందో లేదో చూసి కొనండి.

ఆయిల్ లెవెల్ చూపే పుల్ల, అదే డిప్‌స్టిక్, చూసే పద్ధతి కూడా చాలామందికి తెలియదు. స్ప్లెండర్‌కైతే చదును నేల మీద మెయిన్ స్టాండ్ వేసి రెండు మూడు నిమిషాలు ఆన్ చేసి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, తుడిచిన డిప్‌స్టిక్‌ని మర తిప్పకుండా ఊరికే కన్నంలో ఆనించి చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూసిన లెవెల్ లెవెల్ కాదు. మరీ ఎక్కువ పోసినా మంచిది కాదు, బ్రీదర్‌లోంచి వెళ్ళి ఎయిర్ ఫిల్టర్ తడిసిపోతుంది, అది చూసి మళ్ళీ బోరు పోయిందంటారు.

మీ పేజీలో ఎలాగూ రాస్తున్నారు కాబట్టి ఈసారి పాత బండ్ల వాళ్ళకి ఇదొక్కటి చెప్పండి, ఆయిల్ మార్చేటప్పుడు దిగిన పాత ఆయిల్‌ని కొలత గిన్నెలో పట్టించి, ఎంఎల్ ఎంతో, కిలోమీటర్ రీడింగ్ ఎంతో జాబ్ కార్డు మీద రాయించుకోమని. షాపులవాళ్ళకి ఖర్చు లేదు, ఒక ప్లాస్టిక్ కొలత మగ్గు చాలు.

ఇట్లు,
ఆర్టీసీ రిటైర్డ్ మెకానిక్,
నరసరావుపేట