లైన్ క్లియర్ తీసుకున్నావా, అమ్మడూ?

చి. ల. సౌ. సుధకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అనుకోకు. ఫోన్ చేస్తే మీ అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. నాకేమో తీరిగ్గా నాలుగు మాటలు రాయాలనిపించింది. రాసి, ఫోటోలు తీసి, నీ ఒక్కదానికే పంపుతున్నాను. గ్రూపులో పెట్టడం లేదు.

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. మన కాలవ నిండుగా పారుతోంది. నువ్వు వెళ్ళేటప్పుడు మోకాలెత్తున్న కరివేపాకు మొక్క ఇప్పుడు నా భుజం దాటింది. కాసులు అత్తయ్య మోకాళ్ళకి మళ్ళీ నూనె మార్చింది. వానలకి ముందే అటక మీద నీ పుస్తకాలన్నీ దింపి ఎండబెట్టాం. పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం అట్టకి చెదలు పట్టింది కానీ లోపల బాగానే ఉంది. దానికి కొత్త అట్ట వేశాను.

పోయిన ఆదివారం నువ్వు గ్రూపులో పెట్టిన ఫోటో చూశాం. జర్మనీలో మీ హైడల్‌బర్గ్ ల్యాబ్‌లో ఆ స్టీలు చాంబర్ పక్కన నిలబడ్డావు, బాగుంది. కొంచెం చిక్కావు. ఎడమచేతి బొటనవేలికి తెల్లగా ఏదో చుట్టి ఉంది. ప్లాస్టరో, గ్లవ్ అంచో నాకు తెలియలేదు. సరే.

19 రోజుల నుంచి "బిజీ నాన్నా, తర్వాత చేస్తా" తప్ప నీ దగ్గర్నుంచి ఇంకో మాట లేదు. డిటెక్టర్ బిగించే రోజులని నువ్వు మే నెలలోనే చెప్పావు కాబట్టి నేను అర్థం చేసుకున్నాను. అప్పుడు క్యాలెండర్ వెనక నువ్వు గీసిన బొమ్మ పారేయలేదు. బీరువా తలుపుకి లోపల అంటించాను. రాత్రి నిద్ర పట్టకపోతే దాన్ని చూస్తూ నువ్వు చెప్పిందంతా మళ్ళీ మననం చేసుకుంటున్నాను. నాకు ఎంతవరకు అర్థమైందో రాస్తాను, తప్పుంటే దిద్దు.

అణువుల బరువు తేల్చే మీ యంత్రం అంటే ఒక గొట్టం. ఒక చివర అణువుల్ని పగలగొట్టి అయాన్లు చేస్తారు, రెండో చివర డిటెక్టర్ ఉంటుంది. అన్ని అయాన్లకీ ఒకే వోల్టేజీతో ఒకే తోపు. తేలికైనవి ముందు చేరతాయి, బరువైనవి వెనకబడతాయి. హైడ్రోజన్ అయాన్ కన్నా నైట్రోజన్ అణువు 28 రెట్లు బరువైనా, ఆలస్యం మాత్రం వర్గమూలం లెక్కన 5 రెట్ల పైచిలుకే అని నువ్వంటే కాగితం మీద వేసి చూసుకున్నాను, సరిగ్గా వచ్చింది. చేరడానికి పట్టిన మైక్రోసెకన్లను కొలిచి దేని బరువెంతో చెబుతారు. వైలీ, మెక్‌లారెన్ అనే ఇద్దరు 1955లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ మీకు పునాది అన్నావు. 1955లో మన ఊరికి ఇంకా కరెంటు స్తంభమే రాలేదమ్మా.

నాకు బాగా నచ్చింది ఆ చివర పెట్టే గాజు పలక. మైక్రోఛానల్ ప్లేటు అన్నావు. బిళ్ళంత గాజులో లక్షల రంధ్రాలు, ఒక్కొక్కటి 10 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా ఎంతో సన్నం. అయాన్ ఒక్కటి వచ్చి గోడకి తగిలితే కొన్ని ఎలక్ట్రాన్లు లేస్తాయి, అవి మళ్ళీ గోడకి తగిలి ఇంకొన్ని. రెండు పలకల్ని ఎదురెదురు వాలుగా పేర్చితే చివరికి పది లక్షలకి పైగా బయటికి వస్తాయన్నావు. ఒక్కో పలకకీ 1,000 వోల్టుల దాకా కావాలి. గాలి తగిలితే చెమ్మ పీల్చుకుంటుంది కాబట్టి, పంపు పెట్టి ఒక రోజంతా వదిలి, ప్రెషర్ మిల్లీబార్‌లో పది లక్షల వంతుకి దిగాక, వంద వంద వోల్టుల చొప్పున పెంచాలన్నావు.

ఇది మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. సముద్రం ఒడ్డున ఓడలరేవు వైపు నేను పని చేసిన కరెంటు లైన్లలో, స్తంభం మీద తీగని మోసే పిన్ ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకునేది. జోరువాన పడితే కడుక్కుపోయి ఏమీ కాదు. తెల్లవారుజామున మంచు కురిసినా, సన్నజల్లు పడినా ఆ ఉప్పు తడిసి, దాని మీదుగా కరెంటు మెరుపులా దూకి ఫ్లాష్ అయిపోయేది. అలాంటప్పుడు తొందరపడి చార్జ్ చేస్తే ఇన్సులేటర్ పగిలిపోయేది. నీ గాజు పలకా అంతే. ప్రొఫెసర్ గారు తొందరపెట్టినా సరే, ఒక రోజు అంటే ఒక రోజే.

గాలి సంగతి కూడా నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. మామూలు గాలి మిల్లీమీటరుకి 3,000 వోల్టుల దాకా ఆపుతుంది. గాలి పూర్తిగా తీసేస్తే ఇంకా బాగా ఆపుతుంది. సగంసగం తీసినప్పుడే మోసం. 330 వోల్టుల దగ్గరే లొంగిపోయి మెరుపు వచ్చేస్తుందట. పాషెన్ అనే జర్మన్ 1889లోనే కనిపెట్టాడన్నావు. ముప్ఫై ఏళ్ళు కరెంటుతో బతికిన నాకు ఆ రాత్రి ఆశ్చర్యంతో నిద్ర పట్టలేదు. ఇప్పుడు వేరే కారణానికి పట్టడం లేదు.

అసలు సంగతి రాసేస్తాను. మన రాజా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసినప్పుడు, "సుధ వాళ్ళ ల్యాబ్‌లో ఏదో మెరుపు వచ్చిందట, హైవోల్టేజీ ఆగిపోయిందట" అన్నాడట. మీ పెదనాన్న సంతలో అందరి ముందూ నన్ను అడిగాడు. "అలాంటివి మామూలే, పంపు ఆగితే సప్లై దానంతట అదే కట్ అయిపోయేలా ఇంటర్‌లాక్ ఉంటుంది" అని నేనే ధైర్యం చెప్పాను. చెప్పి ఇంటికొచ్చి ఫోటో పెద్దది చేసి చూశాను.

నీ ఫోటోలో వెనక గోడ మీద ఒక కాగితం ఉంది, జర్మన్‌లో. ఐదు వరుసలు. మే నెలలో నువ్వు దాని అర్థం చెప్పావు, గుర్తుందా? సప్లై విడగొట్టు. మళ్ళీ ఎవరూ వేయకుండా కట్టడి చెయ్యి. కరెంటు లేదని పరీక్షించు. ఎర్త్ చేసి షార్ట్ చెయ్యి. పక్కనున్న లైవ్ భాగాల్ని కప్పు. మేము ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ (సప్లై ఆపాం, పని చేసుకోవచ్చని సంతకంతో ఇచ్చే అనుమతి) అనే దాన్నే వాళ్ళు గోడకి అంటించుకున్నారు. హైడల్‌బర్గ్‌లో నా కూతురి తల వెనక అది కనిపిస్తే నాకు కళ్ళు చెమర్చాయి.

నాలుగోది గురించి నీకు ఒక సంగతి చెప్పాలి. చిన్నప్పుడు విన్నావేమో, సగమే విని ఉంటావు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీదుగా వెళ్ళింది. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు వరసగా పడుకున్నాయి, వాటి కింద మా లైన్లు. మాకు ఇల్లు లేదు, వాకిలి లేదు. స్కూలు వరండాలో పడుకుని, ఎవరైనా అన్నం పెడితే తిని, రోజూ స్తంభాలు ఎత్తడమే. పన్నెండో రోజనుకుంటా, ఒక 11 కేవీ లైను ముక్క సరిచేస్తున్నాం. నేను, వెంకన్న బాబాయ్, ఇంకో ఇద్దరు, మా మేస్త్రీ. సబ్‌స్టేషన్‌కే సప్లై లేదు. లైనుని విడగొట్టే ఏబీ స్విచ్ తెరిచి ఉంది. ఎల్‌సీ పుస్తకంలో సంతకం ఉంది. జిల్లా సగం చీకట్లో ఉంది. తీగల్ని నేలకి కలిపే ఎర్త్ రాడ్లు వ్యాన్‌లో ఉన్నాయి, వ్యానేమో రోడ్డు తెగిన చోట ఆగిపోయింది. మోకాలి లోతు బురదలో అరగంట నడక. పొద్దు వాలిపోతోంది. "ఊరంతా చచ్చిపోయి ఉంది మేస్త్రీ, ఎర్త్ దేనికి, ఎక్కేస్తా" అన్నాడు వెంకన్న. నేను కూడా వాడి పక్షానే మాట్లాడాను అమ్మా. అప్పటికి పొద్దుట్నుంచి టీ తప్ప ఏమీ తాగలేదు.

మేస్త్రీ కేకలేయలేదు. తన చెప్పులు విప్పి, పంచె ఎగగట్టి, తానే బురదలోకి దిగాడు. యాభై దాటిన మనిషి. ఇంక మేము నిలబడలేక వెనకే వెళ్ళాం. రాడ్లు మోసుకొచ్చి, నేలలో గునపం దిగ్గొట్టి, మూడు తీగలకీ కొక్కేలు తగిలించాం. అప్పుడు ఎక్కాడు వెంకన్న.

ఒక గంట అయిందో లేదో, రాడ్డు కొక్కెం దగ్గర టపటపమని చప్పుడు, నీలం మెరుపు. ఒక్క క్షణం. మళ్ళీ ఏమీ లేదు. వెంకన్న తీగ పట్టుకునే ఉన్నాడు. వాడికేమీ కాలేదు. తర్వాత తెలిసింది, ఊళ్ళో ఒకాయన జనరేటర్ అద్దెకి తెచ్చి, మెయిన్ తీయకుండానే ఇంటి వైరింగ్‌కి కలిపేశాడు. ఆ కరెంటు ఇంట్లోంచి వీధి లైనుకి, వీధి లైను నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురెక్కింది. పైనుంచి దిగేటప్పుడు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కింది నుంచి ఎక్కేటప్పుడు పెంచుతుంది. 11,000 వోల్టులు. మా ఎర్త్ వల్ల జనరేటర్ లోడు తట్టుకోలేక ఆగిపోయింది. వెంకన్న కిందికి దిగి స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు, రాత్రి దాకా మాట్లాడలేదు. మేస్త్రీ అతని కాళ్ళకున్న బురద కడిగాడు.

ఆ వెంకన్న బాబాయే నిన్న చక్రకేళి గెల తెచ్చి ఇచ్చి, "సుధమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగి వెళ్ళాడు.

నీ దగ్గర జనరేటర్ లేదు, నిజమే. కానీ కెపాసిటర్లు ఉన్నాయి కదా. స్విచ్ ఆపి, డిస్‌ప్లేలో సున్నా చూపించినా అందులో చార్జ్ ఉండిపోవచ్చని నువ్వే చెప్పావు. "కరెంటు మిల్లీఆంపియరు కూడా ఉండదు నాన్నా, ప్రాణం పోదు" అన్నావు. షాక్ చిన్నదే కావచ్చు. చేయి విసురుగా వెనక్కి వచ్చి గొట్టాల్ని బిగించే ఆ స్టీలు ఫ్లాంజ్ అంచుకి కొట్టుకుంటేనో? నిచ్చెన మీద ఉంటేనో? మా వాళ్ళలో కొందరికి షాక్ కన్నా పడటం వల్లే ఎక్కువ దెబ్బలు తగిలాయి. కాబట్టి ఎర్త్ కర్రతో తాకించు, రెండోసారి తాకించు, అప్పుడే చెయ్యి పెట్టు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని పని చెయ్యి. అమ్మమ్మ పెట్టిన పగడం ఉంగరం ల్యాబ్‌లో తీసేసి పర్సులో వేసుకో, అమ్మమ్మకి నేను చెప్పుకుంటాను.

ఇంకొకటి. హైవోల్టేజీని పక్క గదిలోంచి కంప్యూటర్‌తో వేయొచ్చన్నావు. అది నాకు అస్సలు నచ్చలేదు. మేము పని చేసేటప్పుడు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాళ్ళం. నువ్వు చాంబర్ తెరిచినప్పుడు ఆ సప్లై ప్లగ్గు పీకి నీ కళ్ళ ముందు పెట్టుకో. "ఎనిమిదింటికి ఆన్ చేసెయ్, అప్పటికి అయిపోతుంది" అని ఎవరితోనూ టైము ఒప్పుకోకు. ఎల్‌సీ తీసుకున్న మనిషే వచ్చి తిరిగి ఇవ్వాలి, గడియారం ఇవ్వకూడదు. రాత్రిపూట ఒక్కదానివే హైవోల్టేజీ వేయకు. ఇవన్నీ నీకు తెలుసని నాకు తెలుసు. లెక్చరు ఇవ్వనని కూర్చున్నాను, ఇచ్చేశాను.

నీ కనెక్టర్లు మాత్రం నాకు నచ్చాయి. ఆ ఎస్‌హెచ్‌వీ అనేది 5,000 వోల్టులది, ఊడదీసినా మధ్య పిన్ను వేలికి తగలనంత లోపలికి ఉంటుంది, దూర్చేటప్పుడు ఎర్త్ ముందు తాకుతుంది అన్నావు. చేసినవాడు ఎవరో పని తెలిసినవాడు. అన్ని ఎర్తులూ ఒకే చోటికి తెచ్చావని కూడా చెప్పావు, మంచి పని. మన పెరట్లో ఎర్త్ గుంట బొగ్గు, ఉప్పు మార్చాను. వేసవంతా రోజూ బిందెడు నీళ్ళు పోశాను.

అక్కడ ఇప్పుడు పగలు ఎక్కువసేపు ఉంటుందట కదా. వెలుతురు ఉందని తొమ్మిదింటి దాకా పని చేస్తూ అన్నం మానేయకు. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే నీకు సాయంత్రం ఐదున్నర. ఆ టైముకి నేను పెరట్లోకి వచ్చి కూర్చుంటాను, ఫోన్ నా దగ్గరే ఉంటుంది. కందిపొడి, కొత్త ఆవకాయ, సున్నుండలు పార్సిల్ కట్టాం. ఆవకాయ సీసా మూతకి రెండు కవర్లు చుట్టాను, విప్పేటప్పుడు కత్తెరతో కొయ్యి, పళ్ళతో లాగకు.

ఫ్లాంజ్‌ల మధ్య పెట్టే రాగి రింగు అంచుకి వేలు తెగిందని చెప్పు, నమ్ముతాను. ఆ అంచులు కోస్తాయని నువ్వే అన్నావు. తెగితే టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నావా? కాలితే మాత్రం, చిన్నదైనా సరే, డాక్టర్‌కి చూపించు. కరెంటు కాలుడు పైకి చుక్కలా కనిపించి లోపల ఎక్కువ ఉంటుంది. టూత్‌పేస్టు రాయకు.

ఏదైనా నాతో చెప్పు, కోప్పడను. కట్టు విప్పి, రెండు చేతులూ బల్ల మీద చాచి, ఒక ఫోటో తీసి నాకు పంపు. మీ అమ్మ ఆదివారం ఫోటోని ఇంకా పెద్దది చేసి చూడలేదు. ఎల్లుండి సుబ్బులు పిన్ని వస్తోంది, ఆవిడ తప్పకుండా చూస్తుంది. ఆలోపే పంపు.

ఆశీస్సులతో,
నాన్న