కౌంటీ అట్లాసుల రీప్రింట్లు కొన్నవారికి: స్కేలు విషయంలో మా పొరపాటు

మా దగ్గర అమెరికా కౌంటీ అట్లాసుల (ఒక్కో కౌంటీలో పొలాల్ని, వాటి యజమానుల పేర్లతో చూపే పాత పటాల పుస్తకాల) రీప్రింట్లు కొన్నవాళ్లకి ముందుగా క్షమాపణ. అట్లాసు లోపల అచ్చయిన స్కేలునే మేం పుస్తకం వివరాల్లో యథాతథంగా ఎత్తి రాశాం. రీప్రింట్లలో చాలావాటికి అది చెల్లదు. ఆ అంకె నమ్మి దూరాలు లెక్కకట్టి ఉంటే దయచేసి మళ్లీ కొలవండి.

1870లలో వచ్చిన అసలు అట్లాసులు బాగా పెద్దవి, బల్ల మీద పరిచి చూడాల్సినవి. వందేళ్ల తర్వాత, ముఖ్యంగా 1976లో దేశం రెండు వందల ఏళ్ల పండుగ చేసుకున్న రోజుల్లో, ఊరూరా చరిత్ర సంఘాలు వాటిని మళ్లీ అచ్చువేశాయి. అలమరలో పట్టాలని సైజు తగ్గించాయి. పటం కుంచించుకుపోయింది గానీ, దాని కింద అక్షరాల్లో ఉన్న ‘మైలుకి రెండంగుళాలు’ అన్న మాట అలాగే ఉండిపోయింది. గీత రూపంలో ఉన్న స్కేలుని మాత్రం నమ్మవచ్చు, పటంతోపాటు అదీ అంతే తగ్గుతుంది కాబట్టి. గీత లేని పేజీల్లోనే చిక్కంతా.

ఇల్లినాయి, అయోవా లాంటి రాష్ట్రాల పటమైతే సరిచూసుకోవడం తేలిక. 1785 చట్టంతో మొదలైన సర్వేలో నేలని ఆరు మైళ్ల చదరాలుగా కోశారు. ఆ చదరం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి మైలు చదరం, అంటే 640 ఎకరాలు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక కుటుంబానికి ఇచ్చిన 160 ఎకరాలు ఒక సెక్షన్‌లో నాలుగో వంతు. నంబర్లు ఈశాన్య మూల 1తో మొదలై, పడమరకి 6 దాకా వెళ్లి, కింది వరుసలో వెనక్కి తిరుగుతాయి, నాగలి చాళ్లలాగా. ఆగ్నేయ మూలకి వచ్చేసరికి 36.

కొలబద్ద తీసుకుని 14, 15, 22, 23 నంబర్ల గడులు నాలుగూ కలిసిన చదరాన్ని ఒక వైపు కొలవండి. నేల మీద అది రెండు మైళ్లు. మైలుకి రెండంగుళాలన్న పటంలో నాలుగంగుళాలు రావాలి. 2.6 అంగుళాలే వస్తే మీ ప్రతి 65 శాతానికి తగ్గిందన్నమాట, మైలుకి 1.3 అంగుళాలే పడుతోంది. అచ్చులో ఉన్న స్కేలు ప్రకారం అంగుళానికి 2,640 అడుగులనుకుంటారు, నిజానికి 4,060 అడుగుల పైమాటే. చెరువుకీ బడికీ మధ్య దూరం చూసుకునేవాళ్లకి ఇది చిన్న తేడా కాదు.

అంచు గడులు మాత్రం కొలవకండి. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి, గొలుసుతో కొలిచినప్పటి తప్పులు కూడా తోడవుతాయి. ఆ హెచ్చుతగ్గులన్నిటినీ సర్వేయర్లు నిబంధన ప్రకారమే ఉత్తరపు వరుసలోకి, పడమటి వరుసలోకి నెట్టేవారు. అందుకే 1 నుంచి 6 దాకా ఉన్న సెక్షన్లూ, 7, 18, 19, 30, 31 నంబర్లవీ కచ్చితంగా మైలు ఉండకపోవచ్చు.

డల్లాస్, ఆస్టిన్ వైపు మనవాళ్లు టెక్సాస్ పటాలు ఎక్కువగా అడుగుతున్నారు. అక్కడ ఈ గడుల లెక్క పనిచేయదు. 1845లో దేశంలో కలిసినప్పుడు టెక్సాస్ తన ప్రభుత్వ భూమిని తన దగ్గరే ఉంచుకుంది, ఫెడరల్ సర్వే అక్కడికి రాలేదు. ముక్కలు రకరకాల ఆకారాల్లో, మొదట పట్టా పొందినవాళ్ల పేర్లతో ఉంటాయి. మీ ఇంటి దస్తావేజులోనూ ఫలానా వారి సర్వే, అబ్‌స్ట్రాక్ట్ నంబరు ఇంత అని కనిపించవచ్చు. మన సర్వే నంబరులాగే ఆ అబ్‌స్ట్రాక్ట్ నంబరే పటంలో వెతకడానికి తాళంచెవి. కొలతలు ‘వారా’ అనే పాత స్పానిష్ కొలమానంలో ఉంటాయి. ఒక వారా 33⅓ అంగుళాలు, 1,900 వారాలు దాదాపు ఒక మైలు.

శాన్‌బోర్న్ కంపెనీ గీసిన అగ్ని బీమా పటాల నలుపు తెలుపు ప్రతుల్ని అమ్మకం నుంచి తీసేస్తున్నాం. అంగుళానికి 50 అడుగుల చొప్పున గీసిన ఆ పటాల ప్రాణం రంగుల్లో ఉంది: గులాబీ అంటే ఇటుక, పసుపు అంటే చెక్క, నీలం అంటే రాయి. రంగు పోతే ఊళ్లో ఏ వీధి కట్టడాలు నిప్పుకి తట్టుకునేవో తెలియదు. ఇంకొకటి, కొత్త కట్టడాలు లేచినప్పుడల్లా దిద్దుబాటు చీటీలు అచ్చువేసి పాత రేకుల మీద అంటించేవారు. కాబట్టి అట్ట మీది సంవత్సరం చూసి ఆ ఏటి ఊరే అనుకోకూడదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రంగు ప్రతుల్ని ఉచితంగానే చూపిస్తోంది. మా నలుపు తెలుపు ప్రతికి డబ్బు పెట్టవద్దు.

యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వారి 1:24,000 టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు కూడా వాళ్ల దగ్గర ఉచితంగా దొరుకుతాయి, మేం కాగితం, అచ్చు ఖర్చు మాత్రమే తీసుకుంటాం. షీటు మీద ఊదారంగులో ఉన్నవన్నీ విమానం ఫోటోలు చూసి తర్వాత చేర్చినవి, నేల మీద సరిచూసినవి కావు. పాత షీట్లు 1927 డేటమ్ (అక్షాంశ రేఖాంశాల్ని లెక్కకట్టే ఆధారం) మీద గీసినవి. మీ జీపీఎస్‌ని అలాగే వదిలేస్తే, ప్రాంతాన్ని బట్టి వంద మీటర్ల దాకా పక్కకి చూపించవచ్చు. పరికరంలో డేటమ్‌ని 1927కి మార్చుకోండి. 1980ల షీట్లలో మూలల దగ్గర చుక్కల గీతల కూడలి గుర్తు ఉంటే, అది 1983 డేటమ్ ప్రకారం ఆ మూల ఎక్కడ పడుతుందో చెబుతుంది.

కౌంటీ చరిత్రల గురించీ ఒక మాట. వాటిలో చాలామంది జీవిత చరిత్రలు, ఇళ్ల బొమ్మలు డబ్బు కట్టిన చందాదారులవే. ఒక కుటుంబం పేరు అందులో లేదంటే ఆ ఊళ్లో లేదని కాదు. పటంలో పొలం మీద రాసిన పేరు ఎక్కువ నమ్మదగినది. అందుకే వీటిని విడిగా కాక, అట్లాసుతో కలిపి కొనమంటాం.

ఇకపై ప్రతి అట్లాసుకీ వివరాల్లో అసలు అచ్చు సంవత్సరం, రీప్రింటు సంవత్సరం, మేం కొలిచి చూసిన స్కేలు, పేజీలు లెక్కపెట్టగా తగ్గినవి ఏవో రాస్తాం. ఇప్పటికే కొన్నవాళ్లు పుస్తకం మొదటి పేజీ ఫోటో, పైన చెప్పిన నాలుగు గడుల కొలత పంపితే సరైన స్కేలు రాసిన చీటీ పంపుతాం, లోపలి అట్టకి అంటించుకోవచ్చు. వద్దనుకుంటే పుస్తకం వెనక్కి పంపండి, పూర్తి డబ్బు ఇస్తాం, తపాలా ఖర్చు రెండు వైపులా మాదే.