3,200 అని రాసి 4,200 అమ్మారు

తిరుపతి,
21 ఏప్రిల్ 2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: రిమోటు ట్రక్కు కోసం మీ దగ్గర కొన్న బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలరు జత గురించి మూడవ ఫిర్యాదు.

ఆర్యా,

మొదటి రెండు ఫిర్యాదులూ మీ వెబ్‌సైటులో ఇచ్చిన గడిలో రాశాను. అందులో ఐదు వందల అక్షరాలకు మించి పట్టవు. చెప్పవలసింది అందులో ఇమడలేదు కనుక ఈసారి కాగితం మీద తీరిగ్గా రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

మీ రెండు జవాబుల్లోనూ ఒకే వాక్యం ఉంది: "ఈ సరదాలోకి కొత్తగా వచ్చినవారు సాధారణంగా చేసే పొరపాటు." రిమోటు ట్రక్కులకు నేను కొత్తవాణ్ణేనని ఒప్పుకుంటాను. రెండేళ్ల క్రితం మా తమ్ముడి కొడుకు నాకు ఈ పిచ్చి అంటించాడు. కానీ మోటార్లకు కొత్త కాదు. ఇరవై ఆరేళ్లుగా తిరుపతిలో మోటారు వైండింగు దుకాణం నడుపుతున్నాను. చంద్రగిరి, పాకాల, రేణిగుంట వైపు పొలాల్లో కాలిన బోరు మోటార్లు నా బల్ల మీదికి వస్తాయి. ఒక ఫేజు పోయి కాలిందా, నీళ్లు దిగి కాలిందా అన్నది మూత తీయగానే వాసనను బట్టి, కాయిళ్ల రంగును బట్టి చెప్పగలను. అలాంటివాడికి మీరు మోటారు గురించి పాఠం చెప్పారు. చెప్పినందుకు బాధ లేదు, ఆ పాఠం తప్పు కావడమే బాధ.

మావాడు మొదటిసారి "పెదనాన్నా, 3,200 కేవీ మోటారు కొందాం" అన్నప్పుడు నేను ఉలిక్కిపడిన మాట నిజం. మా వీధి ట్రాన్స్‌ఫార్మరుకు వచ్చే లైనే 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టులు. ఈ చిన్న మోటార్ల దగ్గర ఆ మాటకు అర్థం వేరని వాడే చెప్పాడు: బరువేమీ లేకుండా ఒక వోల్టు ఇస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే కేవీ. అది అర్థమైన రోజు నుంచి ఈ బొమ్మలు నాకు బొమ్మలుగా కనిపించలేదు. మా బోరు మోటారులో ఒక కాయిలుకు పదుల కొద్దీ చుట్లు ఉంటాయి, ఒకటి తప్పినా పెద్దగా తేడా తెలియదు. వీటిలో ఉండేవి మూడో నాలుగో చుట్లు. అక్కడ ఒక్క చుట్టు తప్పితే మోటారే మారిపోతుంది. నా ఫిర్యాదంతా ఈ ఒక్క చుట్టు చుట్టూనే తిరుగుతుంది.

మాది పదో వంతు కొలతలో, నాలుగు చక్రాలకూ శక్తి అందే షార్ట్ కోర్స్ (మట్టి ట్రాక్ పందేల) ట్రక్కు. విడిభాగాలు తెప్పించి నెల రోజులు రాత్రిపూట కూర్చుని బిగించాం. చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియళ్లలో ముందు, మధ్య 10,000 చిక్కదనం నూనె, వెనక 7,000ది పోశాం. ఇక్కడి ఎండకు షాకుల్లో నూనె పలచబడుతుందని 35 తీసేసి 40 వేశాం. ఇనుములోకి దిగే ప్రతి మరకూ లాక్ జిగురు రాశాం. ట్రక్కు దూకినప్పుడు దాని ముందు చక్రాన్ని పట్టే చెయ్యి విరిగితే "పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టిద్దాం" అని మావాడు నవ్వుతాడు; కట్టు సంగతి ఎలా ఉన్నా, విడి చేతులు రెండు ఎప్పుడూ డబ్బాలో ఉంచుకుంటాం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఊహించినట్టు పెట్టె విప్పి బ్యాటరీ తగిలించి వదిలేసిన బండి కాదు ఇది.

మీ మోటారు, 120 ఆంపియర్ల స్పీడ్ కంట్రోలరు జతను ఫిబ్రవరి 2న 11,800 రూపాయలకు ఆర్డరు చేశాం, 8న అందింది. మోటారు డబ్బా మీద, మోటారు ఒంటి మీద, బిల్లులో మూడు చోట్లా 3,200 కేవీ అనే ఉంది. మూడు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో నడిపేటప్పుడు మోటారు షాఫ్టుకు 12 నుంచి 14 పళ్ల పినియను (చిన్న గేరు) వాడాలని, రోటరు (మోటారులో తిరిగే భాగం) నిమిషానికి 50,000 చుట్లు మించకూడదని మీ కరపత్రంలో రాశారు. మావాడు 13 పళ్లది బిగించాడు.

చంద్రగిరి దారిలో ఒక లేఅవుటు యజమాని అమ్ముడుపోని ప్లాట్లలో మట్టి ట్రాక్ వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఎర్రమట్టి, నాలుగు దిబ్బలు, ఒక పెద్ద దూకుడు. శనివారం రాత్రి ట్యాంకరు నీళ్లు చల్లి, ఆదివారం ఉదయం ఆరింటికే మొదలుపెడతాం. ఎనిమిది బండ్లు, ఐదు నిమిషాల పందేలు. పది దాటితే నేల పొడిబారి టైర్లు జారిపోతాయి, మనుషులు అంతకు ముందే వాడిపోతారు.

మార్చి 2న మొదటిసారి నడిపాం. నాలుగు నిమిషాలకే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మోటారు మీద 94 డిగ్రీలు చూపింది. 80 దాటితే జాగ్రత్తపడాలని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నేను ముందు మమ్మల్నే అనుమానించాను. పినియను, పెద్ద గేరు మరీ దగ్గరగా బిగించామేమోనని మధ్యలో కాగితం ముక్క పెట్టి మళ్లీ సరిచూశాను. బేరింగులన్నీ చేత్తో తిప్పి చూశాను, ఎక్కడా పట్టేయడం లేదు. చివరికి మీ కరపత్రం చెప్పిన అతి తక్కువ సంఖ్యకు, 12 పళ్లకు దిగాం. అప్పుడు కూడా 88 వచ్చింది. ట్రక్కు మాత్రం మేం లెక్క వేసుకున్నదానికన్నా చాలా వేగంగా పోతోంది. మావాడు సంబరపడ్డాడు. నేను కూడా కొంచెం సంబరపడ్డాను, నిజం దాచడమెందుకు.

మార్చి 9న, రెండో పందెం మూడో నిమిషంలో, పెద్ద దూకుడు దిగి మళ్లీ వేగం అందుకుంటుండగా స్పీడ్ కంట్రోలరు నుంచి పొగ వచ్చింది. వేడెక్కితే తనంతట తానే ఆగిపోతుందని మీ ప్రకటన. ఆగలేదు, కాలింది. కాలుతున్న కంట్రోలరుకు అంగుళం దూరంలో 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల లిపో బ్యాటరీ ఉంది. లిపో అంటుకుంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. మావాడు పరుగెత్తి కనెక్టరు లాగేశాడు, రెండు వేళ్లు చురుక్కుమన్నాయి. వాడికి పదిహేడేళ్లు. వాళ్ల నాన్నకు ఈ మాట నేను ఇంకా సగమే చెప్పాను.

మార్చి 10న మీకు రాశాను. "అధిక గేరింగు వల్ల కాలింది" అని 14న జవాబు ఇచ్చారు. మీరు రాసిన కరపత్రంలోని అతి తక్కువ సంఖ్య అధికమెలా అవుతుందో చెప్పలేదు. కంట్రోలరు పంపమన్నారు, 340 రూపాయలు పెట్టి 17న కొరియరు చేశాను. బ్యాటరీ కూడా పంపమన్నారు కానీ పంపలేదు. పొగలో నిలిచిన లిపో ప్యాకును కొరియరు సంచిలో వేసి పంపడం నా చేతనైన పని కాదు. మోటారు పంపమని మాత్రం మీరు అడగలేదు. నేను రాసిందంతా మోటారు వేడి గురించి, మీరు అడిగింది మిగిలినవన్నీ.

ఏప్రిల్ 3న వచ్చిన రెండో జవాబులో కారణం మారింది. ఈసారి "నీరు చేరింది" అన్నారు. ఇదే కంట్రోలరు తడిసినా ఏమీ కాదని మీ అమ్మకపు పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంది. రుజువుగా ఒక ఫోటో జతచేశారు. అందులోని కంట్రోలరుకు నీలం రంగు కనెక్టరు ఉంది. నేను పంపినదానికి పసుపు రంగు ఎక్స్‌టీ90 కనెక్టరు, నా చేత్తో టంకం వేసినది. పంపే ముందు తీసిన ఫోటో ఈ లేఖకు జతచేశాను. ఎవరిదో కాలిన బోర్డు చూసి నాకు తీర్పు చెప్పారు. ఆ బోర్డు యజమానికి నాది చూపించి ఉంటారని అనుమానంగా ఉంది.

ఆ జవాబు వచ్చిన రోజు రాత్రి దుకాణంలో మోటారును నేనే పరీక్షించాను. విప్పలేదు. విప్పితే వారంటీ పోతుందని మీరు అంటించిన స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉంది. కేవీ తెలుసుకోవడానికి విప్పనక్కరలేదు. మోటారును బయటి నుంచి తిప్పితే అదే జనరేటరవుతుంది. బెంచి డ్రిల్లు చక్కులో షాఫ్టు బిగించి తిప్పాను. టాకోమీటరులో 2,800 చుట్లు. మూడు తీగల్లో ఏ రెండింటి మధ్య చూసినా 0.47 వోల్టుల ఏసీ. మూడు జతలూ సమానంగా ఉన్నాయంటే వైండింగు కాలలేదని, షార్టు లేదని అర్థం. నాలుగు పోళ్ల మోటారు కాబట్టి ఆ వేగానికి ఫ్రీక్వెన్సీ 93 హెర్ట్జ్ రావాలి, మీటరులో 93 వచ్చింది. అంటే టాకోమీటరు అబద్ధం చెప్పలేదు. 0.47ను 1.414తో గుణిస్తే గరిష్ఠ వోల్టేజీ 0.665. దానితో 2,800ను భాగిస్తే 4,210 వస్తుంది. ఈ మోటారు నిజంగా 3,200 కేవీ అయితే మీటరులో 0.62 కనిపించాలి.

నా పద్ధతిలో తప్పుందేమోనని, మావాడి పాత ట్రక్కులోని వేరే తయారీ మోటారును అదే డ్రిల్లుకు బిగించాను. దాని మీద 3,300 అని ఉంది. 0.60 వోల్టులు వచ్చాయి, లెక్క వేస్తే 3,300. డ్రిల్లు నిజాయితీ తేలిపోయింది.

ఇక్కడ మీరు ఒక మాట అనవచ్చు: వేడికి అయస్కాంతం బలం తగ్గితే కేవీ పెరుగుతుంది కదా అని. నిజమే, పెరుగుతుంది. నేనూ అదే అనుకుని రెండు రోజులు ఆగాను. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మిత్రుడొకరు మీ దగ్గరే, అదే వారంలో, ఇదే మోటారు కొన్నారు. ఆయన ట్రక్కు ఇంకా పూర్తి కాలేదు, మోటారు ఒక్కసారి కూడా తిరగలేదు. ఏప్రిల్ 13న దాన్ని తెప్పించి డ్రిల్లుకు పెట్టాను. 0.47. రెండు డబ్బాల మీదా బ్యాచి సంఖ్య ఒకటే.

నా అంచనా ఇది: నాలుగు చుట్లు వేయవలసిన చోట మూడు వేశారు, లేదా మూడు చుట్ల మోటారుకు నాలుగు చుట్లదాని లేబులు అంటించారు. చుట్లు తగ్గితే కేవీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 3,200ను నాలుగుతో గుణించి మూడుతో భాగించండి, 4,267 వస్తుంది. నా మీటరు చెప్పింది దానికి కూతవేటు దూరం కూడా లేదు.

దీని ఫలితమేమిటో కూడా చెబుతాను. నిండుగా ఛార్జి చేసిన మూడు సెల్లుల బ్యాటరీ 12.6 వోల్టులు. లేబులును నమ్మితే రోటరు 40,320 చుట్లు తిరగాలి. నిజానికి 53,000 దాటుతుంది, అంటే మీరే పెట్టిన 50,000 హద్దుకు అవతల. మా గేర్ల లెక్కలో 64 కిలోమీటర్ల బండి 84 కిలోమీటర్ల బండి అయింది. అంతకన్నా ముఖ్యంగా, కేవీ పెరిగిన మేరకు అదే టార్కుకు (తిప్పే బలానికి) కరెంటు కూడా పెరగాలి. ఇక్కడ 1.3 రెట్లు. దూకుడు దిగి మట్టిలో టైర్లు పట్టు దొరకబుచ్చుకునే ప్రతిసారీ ఆ అదనపు కరెంటంతా కంట్రోలరు మీదే పడింది. 12 పళ్లకు కాదు, 9 పళ్లకు దిగితేనే లేబులులో చెప్పిన మోటారుకు 12 పళ్లు వేసిన బండితో సమానం. మేం 13 నుంచి 12కు దిగి జాగ్రత్తపడ్డామనుకున్నాం.

ఇందులో నీటి ప్రసక్తి లేదు, కొత్తవాడి పొరపాటు లేదు. మీ దగ్గర ఒక డ్రిల్లు, ఒక మీటరు ఉంటే పది నిమిషాల్లో తేలే విషయం ఇది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చున్నవారికైనా ఎప్పుడో ఒకప్పుడు కంపార్టుమెంటు తలుపు తీస్తారు. నాకు ఆరు వారాలుగా మీ తలుపు తెరుచుకోలేదు.

నేను కోరేది ఇది. మోటారు, కంట్రోలరు జతకు చెల్లించిన 11,800, కొరియరు ఖర్చు 340, మొత్తం 12,140 రూపాయలు తిరిగి ఇవ్వాలి. బదులు వస్తువు వద్దు. అదే బ్యాచిలోంచి ఇంకొకటి వస్తుందన్న భయం ఉంది. చిత్తూరు మిత్రుడి మోటారును మీ ఖర్చుతో వెనక్కి తీసుకోవాలి. ఆ బ్యాచి కొన్నవారందరికీ మీ దగ్గర ఫోను నంబర్లు ఉన్నాయి కాబట్టి కనీసం ఒక సందేశమైనా పంపాలి. చాలామంది మావాడి వయసు పిల్లలే. డబ్బు కన్నా దీని కోసమే నేను ఎక్కువ పట్టుబడతాను. నా పరీక్షలకు కూలి అడగడం లేదు.

ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. నా మొదటి ఫిర్యాదుకు ఆ నెల ఎప్పుడో గడిచిపోయింది. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకు రుసుము కూడా లేదు. మీరే తిరుపతికి రావలసి వస్తుంది.

ఎలాగూ రావలసి వస్తే ముందే రండి. రెండు మోటార్లూ నా బల్ల మీదే ఉన్నాయి, సీళ్లు విప్పలేదు. అమావాస్య తప్ప అన్ని రోజులూ ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా దుకాణం తెరిచే ఉంటుంది. నా మీటరు మీద నమ్మకం లేకపోతే మీది తెచ్చుకోండి.

ఇట్లు,
మోటారు వైండింగు దుకాణం యజమాని,
తిరుపతి

జతపరిచినవి: బిల్లు నకలు, కొరియరు రసీదు, మీ రెండు జవాబులు, పంపే ముందు తీసిన కంట్రోలరు ఫోటో, మూడు మోటార్ల మీటరు రీడింగుల ఫోటోలు, రెండు డబ్బాల బ్యాచి సంఖ్యల ఫోటోలు.