పీఎంఈజీపీ (సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకి కేంద్రం సబ్సిడీతో బ్యాంకు లోన్ ఇప్పించే పథకం) లోన్‌కి అప్లై చేసేవాళ్లు ఒకసారి చూడండి

సబ్సిడీ చేతికెప్పుడొస్తుందని చాలామంది అడుగుతున్నారు. చేతికి రాదండీ. ఊళ్లో నూనె గానుగ పెట్టే మహిళకు ప్రాజెక్టు ఖర్చు 10 లక్షలనుకోండి. సొంత వాటా 50 వేలు, బ్యాంకు లోన్ 9.5 లక్షలు, సబ్సిడీ 35 శాతం, అంటే 3.5 లక్షలు. ఆ సొమ్ము 3 ఏళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. దానిమీద వడ్డీ రాదు, లోన్‌లో అంత మేరకు వడ్డీ పడదు కూడా. యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే లోన్‌కి జమ. మధ్యలో మూసేస్తే సబ్సిడీ మాట మర్చిపోవాల్సిందే.

జనరల్ కేటగిరీ మగవాళ్లకి సబ్సిడీ ఊళ్లో 25, పట్నంలో 15 శాతం. సొంత వాటా 10 శాతం.

మిషన్ ముందే కొనేసి అప్లై చేయకండి, కొత్త యూనిట్లకే ఈ పథకం. స్థలం ఖరీదు ప్రాజెక్టు ఖర్చులో కలపకూడదు. తయారీ యూనిట్ 10 లక్షలు దాటితే 8వ తరగతి పాసైన సర్టిఫికెట్ కావాలి. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు. మిషన్ రేటు రాసిచ్చే కొటేషన్ జీఎస్టీ నంబరున్న డీలర్ దగ్గరే తీసుకోండి. ప్రాజెక్టు రిపోర్టులో ఒక రేటు, కొటేషన్‌లో ఇంకో రేటు ఉంటే మేనేజరు ఫైలు పక్కన పెట్టేస్తారు.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. "సబ్సిడీ ఇప్పిస్తాం, కమీషన్ ఇవ్వండి" అనేవాళ్లకి పైసా ఇవ్వొద్దు. అనుమానాలుంటే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.