గురువారం ఇంటర్వ్యూ ప్రాక్టీస్

అందరికీ నమస్కారం. గురువారం ఉదయం 10కి మీటింగ్ హాల్లో కెమెరా పెట్టి, ఒక్కొక్కరినీ విలేకరిలా ప్రశ్నలు అడుగుతాం. ఫ్యాక్టరీ మేనేజర్లు తప్పకుండా రావాలి. ఏదైనా జరిగితే మైకులు ముందు వచ్చేది మీ గేటు దగ్గరికే.

2010లో మెక్సికో గల్ఫ్‌లో బ్రిటన్ చమురు కంపెనీ బీపీకి చెందిన బావి పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. చమురు ఇంకా సముద్రంలోకి పోతుండగానే సీఈఓ టోనీ హేవర్డ్ కెమెరా ముందు క్షమాపణ చెప్పి, ఆ వెంటనే ‘నా జీవితం నాకు తిరిగి కావాలి’ అన్నారు. క్షమాపణ ఎవరికీ గుర్తులేదు, ఆ మాటే మిగిలింది. ఆయన చెడ్డవారని కాదు, అలసిపోయి నోరు జారారు. మనకూ జరగొచ్చు, నాకున్న భయం అదే.

కాబట్టి మొదట నష్టపోయినవాళ్ల గురించి మాట్లాడండి. తెలియకపోతే ‘కనుక్కుని సాయంత్రంలోగా చెబుతాను’ అనండి, చెప్పండి కూడా. ‘మేం నిర్లక్ష్యం చేయలేదు’ అనొద్దు, స్క్రోలింగ్‌లో నిర్లక్ష్యం అన్న మాటే కనిపిస్తుంది. కాలర్ మైకు తీసేదాకా రికార్డవుతోందనే అనుకోండి.

తెలుగు ఛానెళ్లకు ఇంట్లో మాట్లాడే తెలుగే చాలు, టెన్షన్ వద్దు. రాలేనివాళ్లు బుధవారంలోగా నాకు మెసేజ్ పెట్టండి, వేరే టైమ్ చూస్తాను.