గుంటూరుకు వస్తున్న మిత్రుడికి

పటమట, విజయవాడ.

ప్రియమైన శ్రీనివాస్‌కు,

నీకు పదోన్నతి మీద గుంటూరు బదిలీ అయిందని చెల్లెమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. అభినందనలు అప్పుడే చెప్పాను గనుక మళ్ళీ చెప్పను. ఫోనులో చెప్పడానికి కుదరని మాట ఒకటి మిగిలిపోయింది, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు కుర్చీలో కూర్చున్న మర్నాటి నుంచి నీ చుట్టూ చేరేవాళ్ళు నిన్ను ఏ లైనులోనూ నిలబడనివ్వరు. ఇంటి పన్ను బంట్రోతు కట్టి వస్తాడు, రైలు టిక్కెట్టు కోటాలో ఖరారవుతుంది, దుర్గమ్మ కొండకు వస్తే ఎవరో ఒకరు ఎదురొచ్చి అంతరాలయం దాకా తీసుకుపోతారు. వీటిలో ఏదీ నువ్వు అడిగి ఉండవు. అడగకుండానే అన్నీ జరిగిపోతుంటే, ఊళ్ళో మిగతావాళ్ళకు అవే పనులు ఎలా జరుగుతున్నాయో నీకు తెలిసే దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. నా బెంగ అదే.

మొన్న వానాకాలంలో అమ్మను ఇక్కడి ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. ఓపీ చీటీలకు రెండు కిటికీలుంటే ఒకటే తెరిచి ఉంది, లైను వరండా దాటి మెట్ల మీదికి వచ్చింది. నాకు కొంచెం ముందు, తల్లి చెయ్యి పట్టుకుని నిలబడినాయన జిల్లా స్థాయి అధికారి అని గుర్తుపట్టాను. లైను కదిలినా ఆయన గమనించకపోయేసరికి వెనక ఉన్న పెద్దావిడ, "బాబూ, కాస్త జరుగు, నా మీద జల్లు పడుతోంది" అని గట్టిగానే అంది. ఆయన "జరుగుతున్నానమ్మా" అంటూ ఆవిడకు గోడవైపు చోటు ఇచ్చాడు. అంతలో లోపలి ఉద్యోగి ఒకతను పరుగున వచ్చి "సార్, మీరు లోపలికి రండి" అనగానే పాపం ఆ పెద్దావిడ ముఖం పాలిపోయింది. ఆయన మాత్రం కదలలేదు. రెండో కిటికీ ఎందుకు మూశారని అడిగాడు. మనిషి సెలవులో ఉన్నాడని చెప్పాడతను. ఎన్నాళ్ళ నుంచి అంటే జవాబు రాలేదు. తరువాత మందుల కోసం నేను వెళ్ళినప్పుడు రెండు కిటికీలూ తెరిచే ఉన్నాయి. సోమవారం గ్రీవెన్సులో ఎవరైనా అర్జీ పెట్టినా, అందులో 'ఆలస్యం అవుతోంది' అన్న రెండు మాటలుగా కనిపించి ఉండే సంగతి, ఆయనకు ఆ రోజు తల్లి కాళ్ళ నొప్పిగా తెలిసివచ్చింది.

ఆకస్మిక తనిఖీ వల్ల ఈ పని జరగదు. తనిఖీకి వెళ్ళినవాడికి కడిగిన నేల, ఉతికిన దుప్పటి కనిపిస్తాయి. మర్నాడు పత్రికలో ఫోటో కనిపిస్తుంది. సొంత అవసరం మీద, ఇంట్లోవాళ్ళతో, చేతిలో చీటీతో వెళ్ళినవాడికి కనిపించేది వేరు.

నువ్వు వస్తున్నది ఎలాంటి గడ్డకో నీకు తెలుసు. అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారు, 1992లో పద్మభూషణ్ వచ్చిన తరువాత కూడా అదే ఖద్దరుతో, అదే నిరాడంబరతతో బతికారు. మా పక్కనున్న గన్నవరం నుంచి శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య గారు ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. వాళ్ళు ప్రజాప్రతినిధులు, నువ్వు ఉద్యోగివి, కాలమూ మారింది, నిజమే. సైకిలెక్కమని నేను అనడం లేదు.

అధికారికి దారి ఇవ్వవలసిన సమయాలు లేకపోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అధికారుల బండ్లు ముందు వెళ్ళవలసిందే, ఎవరూ కాదనలేదు. ఆ దారి ఉద్యోగానిది. ఆదివారం పిల్లలతో బెజవాడ వచ్చేటప్పుడు అది నీది కాదు. కాజ టోల్‌గేటు దగ్గర కార్డు చూపిద్దామని డ్రైవరు అంటే వద్దని చెప్పు. 2017 మే 1 నుంచి బుగ్గ కార్లు పోయాయి గానీ, సొంత కార్ల అద్దాల మీద ప్రభుత్వం పేరు అంటించుకునే అలవాటు పోలేదు. నీ కారు మీద మాత్రం అది కనిపించనివ్వకు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 210-బి అనే సెక్షను చేర్చారు. ఆ చట్టాన్ని అమలు చేసే అధికారం ఉన్నవాళ్ళే దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా రెండింతలు. ఆ సెక్షను నాకు ఎంతో నచ్చింది.

తప్పంతా మీ వాళ్ళదే అని కూడా అనను. సార్ రాగానే లైనులోంచి పక్కకు తప్పుకునేది మనమే, ఫలానా సార్ తాలూకు అని చెప్పుకుని పనులు చేయించుకునేదీ మనమే. నీ పేరు చెప్పుకుని రేపు ఎందరు బయలుదేరతారో! మన ఊరివాళ్ళకైనా, నాకైనా, మొహమాటపడకుండా వరసలో రమ్మని చెప్పు.

ఇక కష్టమైన సంగతి. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు, ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళ పిల్లలు సర్కారు ప్రాథమిక బడుల్లోనే చదివేలా చూడమని ఆదేశించింది. మన చిన్నది ఈ ఏడు మూడో తరగతికి వస్తుంది కదా. పిల్ల చదువు పట్టుదలకు పోయే విషయం కాదు, నిర్ణయం మీ ఇద్దరిదే. అయితే ఎక్కడైనా చేర్చే ముందు, క్వార్టరుకు దగ్గర్లో ఉన్న మున్సిపల్ బడికి నువ్వూ చెల్లెమ్మా తల్లిదండ్రులుగా ఒకసారి వెళ్ళి రండి. మధ్యాహ్న భోజనం వేళకు వెళ్ళండి, మరుగుదొడ్లు కూడా చూడండి. ఏమనుకున్నారో నాకు వివరంగా రాయి.

నీ
రామకృష్ణ