చిట్టితల్లికి, 7.8 అంకె గురించి

గుంటూరు, బ్రాడీపేట

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మీ అమ్మకు మనసు మనసులో లేదు. కేస్ షీట్లలోని జబ్బులకు కోడ్లు వేసే పనిలో, ఆడిట్‌లో ఒక్క తప్పు పడితే పిల్ల ఇంత బాధపడాలా అంటుంది. పడనీ, కాకపోతే దేనికి పడుతుందో తెలిసి పడాలి అన్నాను. ఫోనులో నా మాట సాగనివ్వలేదు కనుక ఈ ఉత్తరం.

రోగి రక్తపరీక్ష రిపోర్టులో కాల్షియం 7.8 ఉంది, మామూలుగా 8.5 నుంచి 10.5 దాకా ఉండాలి, కనుక కోడు పుస్తకంలో హైపోకాల్సీమియాకు, అంటే రక్తంలో కాల్షియం తగ్గడానికి, ఉన్న ఇ83.51 వేశాను, తప్పేమిటని కదా నీ వాదన. డాక్టరు ఆ జబ్బు పేరు ఎక్కడైనా రాశారా అంటే, "రాయలేదు, అంకె ఉంది కదా నాన్నా" అన్నావు. మెలిక అక్కడే ఉంది. అదే కాగితం మీద అల్బుమిన్ 2.4 అని కూడా నీవే చదివి వినిపించావు. రక్తంలోని కాల్షియంలో సగానికి కాస్త తక్కువ భాగం ప్రోటీన్లను, ముఖ్యంగా అల్బుమిన్‌ను, అంటిపెట్టుకుని తిరుగుతుంది. అల్బుమిన్ పడిపోతే మొత్తం కాల్షియమూ పడిపోయినట్టు కనిపిస్తుంది. ఒంటికి పనికొచ్చే విడి కాల్షియం మాత్రం సరిగానే ఉండవచ్చు. దీనికి డాక్టర్లు వేసుకునే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: అల్బుమిన్ 4కు ఎంత తగ్గితే అంతకూ 0.8 చొప్పున కాల్షియానికి కలపాలి. 4లోంచి 2.4 పోతే 1.6, దాన్ని 0.8తో హెచ్చవేస్తే 1.28. దాన్ని 7.8కి కలుపు, 9 దాటుతుంది. ఆ డాక్టరు ఈ లెక్క మనసులో వేసుకునే ఊరుకున్నారేమో. నీవు ఊరుకోలేదు.

అంకెను చూసి జబ్బు పేరు పెట్టే అధికారం నీకు లేదు. ముప్పై ఏళ్లు రికార్డు గదిలో కేస్ షీట్లకు దారం కట్టిన నాకూ లేదు. అనుమానం వస్తే డాక్టరుకు ప్రశ్న రాయాలి. ఆ ప్రశ్నలో కూడా "హైపోకాల్సీమియా అని రాయండి" అనకూడదు. "కాల్షియం 7.8, అల్బుమిన్ 2.4 వచ్చాయి, వీటికి వైద్యపరంగా ప్రాముఖ్యం ఉందా, ఉంటే ఏమిటి" అని అడిగి ఆగాలి. జవాబు మన నోటితో మనమే అందించేస్తే ఇక డాక్టరు ఎందుకు?

సరే, నిజంగా తగ్గితే ఎలా ఉంటుందో నీకు తెలియదు. అప్పుడు నీవు హాస్టల్లో ఉన్నావు, పరీక్షలని చెప్పలేదు. అమ్మకు థైరాయిడ్ ఆపరేషన్ అయిన రెండో రోజు పొద్దున పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది అంది. నేను కాఫీ వేడికేమో అనుకున్నాను, బుద్ధిలేక. నర్సు బీపీ చూడటానికి పట్టీ కట్టి గాలి నింపింది. కాసేపటికి అమ్మ చేయి మణికట్టు దగ్గర వంగిపోయి, వేళ్లన్నీ బిగుసుకుని ఒకచోటికి చేరాయి, అన్నం కలపబోతున్నట్టు. విప్పుదామంటే రాలేదు. ఆ నర్సు చదువుకున్న పిల్ల. వెంటనే పరుగెత్తింది. రక్తంలో 6.9 వచ్చింది. కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి నెమ్మదిగా ఎక్కించారు, గుండె మీద కన్నేసి ఉంచుతూ. థైరాయిడ్ వెనక పారాథైరాయిడ్ అనే బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి, కాల్షియాన్ని నిలబెట్టేవి అవే. ఆపరేషన్‌లో వాటికి దెబ్బ తగిలింది.

తీరా డిశ్చార్జ్ సమ్మరీలో రాసింది "కాల్షియం తక్కువ" అని ఒక్క ముక్క. ఆసుపత్రిలో అదనంగా నాలుగు రోజులు ఎందుకున్నారని ఇన్సూరెన్సు వాళ్లు కాగితం తిప్పి పంపారు. మూడుసార్లు ఎండలో తిరిగాను. ఆపరేషన్ తర్వాత పారాథైరాయిడ్ పనిచేయకపోవడం వల్ల అని డాక్టరు ఒక్క వాక్యం చేర్చాక కదిలింది. నీ పుస్తకంలో దానికి ఇ89.2 ఉంది కదా. అమ్మ రక్తం అదే, అంకె అదే, కారణం రాయగానే కోడు మారిపోయింది.

మా రోజుల్లో వాడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో కాల్షియం తగ్గినా పెరిగినా ఇ83.5 ఒక్కటే. మీ అమెరికా పుస్తకం చీల్చి చీల్చి చెబుతుంది: తగ్గితే 51, పెరిగితే 52. రాత్రి షిఫ్టులో కునుకు పడుతూ ఒక్క అంకె జారితే రోగి తలకిందులవుతాడు, జాగ్రత్త. తిండిలో కాల్షియం చాలకపోతే ఇ58, విటమిన్ డి లోపానికి ఇ55. అన్నిటికంటే నాకు నచ్చింది పి71.0, ఆవుపాల వల్ల పసికందులో కాల్షియం తగ్గడం. పాలు తాగితే కాల్షియం తగ్గడమేమిటని మొదట నవ్వాను. ఆవుపాలలో ఫాస్ఫరస్ ఎక్కువ, పసిబిడ్డ మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు, అది పేరుకుంటే రక్తంలో కాల్షియం పడిపోయి ఫిట్స్ వస్తాయట. నీవు పుట్టినప్పుడు తల్లిపాలు చాలడం లేదని నాయనమ్మ చెంబుతో ఆవుపాలు తెచ్చింది. మీ అమ్మ పట్టనివ్వలేదు. ఆరు నెలలు అత్తాకోడళ్లకు మాటల్లేవు. ఆ కోడు అప్పుడు తెలిసి ఉంటే నేను ఒక పక్షమైనా తీసుకునేవాణ్ణి.

అమ్మ మాత్రలు సరిగానే వేసుకుంటోంది. పరగడుపున థైరాయిడ్ మాత్ర, నాలుగు గంటలు ఆగి కాల్షియం. నేను గడియారం చూసి అందిస్తున్నాను. వచ్చే మంగళవారం మళ్లీ రక్తపరీక్ష ఉంది. ఫోనులో అంకె చెబుతాను, అల్బుమిన్‌తో సహా. విని ఊరుకో. కోడు మాత్రం చెప్పకు.

మీ నాన్న